ఆడపిల్లకి ఓ గంట ఆట

ఈ వారం వంటింటి కబుర్లు కాసేపు పక్కన పెట్టి, మీ ఇంట్లోని పద్నాలుగేళ్ల అమ్మాయి గురించి మాట్లాడుకుందాం. ఆ పిల్ల చివరిసారి ఎప్పుడు పరుగెత్తింది? బస్సు కోసం కాదండీ, ఆటలో! కాస్త గుర్తు చేసుకోండి.

మొన్నటిదాకా విశాఖ జిల్లాలో ఉండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం వైపు పల్లెలనే తీసుకోండి. సాయంత్రమయ్యేసరికి మగపిల్లలు బ్యాటూ బంతీ పట్టుకుని ఖాళీ మళ్లలోకి పరుగు. వాళ్ల ఈడు ఆడపిల్లలు మాత్రం ఇంటిపట్టునే. నిన్నటిదాకా తొక్కుడుబిళ్ల ఆడిన పిల్లే! పెద్దమనిషి అయిందంటే చాలు, "ఇంకా ఆ గెంతులేమిటే?" అంటాం. అనేది మనమే! పైగా "మా పిల్ల నీళ్లు మోస్తుంది, ఇల్లు ఊడుస్తుంది, వేరే వ్యాయామం ఎందుకు?" అని సరిపెట్టుకుంటాం. బిందె మోస్తే ఒళ్లు కదిలే మాట నిజమే. కానీ తోటిపిల్లలతో ఆ నవ్వులూ కేకలూ బిందె దగ్గర ఎక్కడ దొరుకుతాయి చెప్పండి?

విశాఖపట్నంలో ఉన్న చెల్లెలి కూతురికి ఆ పనీ లేదు. గుమ్మంలో ఆటో ఎక్కి స్కూలుకి, అక్కణ్ణించి ట్యూషన్‌కి, రాత్రికి సెల్‌ఫోన్. పల్లెపిల్లా, పట్నంపిల్లా ఇద్దరూ ఆటకి దూరమే.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల్లో, ప్రపంచం మొత్తం మీద 11–17 ఏళ్ల మగపిల్లల్లో నూటికి 78 మందికి, ఆడపిల్లల్లో 85 మందికి ఆ మాత్రం కదలిక లేదు. ఎముకలు గట్టిపడేది ఈ వయసులోనే. గెంతడం, పరుగెత్తడం వాటికి బలం. ఆడిన పిల్లకి నిద్ర బాగా పడుతుంది, పరీక్షల దిగులూ తగ్గుతుంది.

ఇలా చేసి చూడండి:

• సాయంత్రం ఓ గంట అమ్మాయికి వదిలేయండి. ఆ గంటలో బిందె అన్నయ్య మోస్తాడు, తప్పేం లేదు!

• బయటికి పంపాలంటే భయమా? నలుగురు తల్లులు వంతులు వేసుకుని ఆడే చోట కూర్చోండి. ఖోఖో, కబడ్డీ, ఏదైనా సరే. పట్నంలో మేడ మీద తాడాట చాలు.

• నెలసరి రోజుల్లో ఆడకూడదన్నది అపోహ. ఓపికుంటే ఆడనివ్వండి. తేలికపాటి కదలికతో చాలామందికి నొప్పి తగ్గుతుంది.

• కాస్త ఆడగానే ఆయాసపడుతుంటే బద్ధకం అని తిట్టకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత కనిపించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించండి.

• ఆటకి ముందు చోడి అంబలి, వచ్చాక వేరుశెనగ ఉండ. భోజనంలో ఆకుకూర మీద నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు.

శ్రీకాకుళం జిల్లా పల్లెపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో ఆసియా అథ్లెటిక్స్ హర్డిల్స్‌లో బంగారు పతకం గెలిచింది. మన పిల్లలు పతకాలు తేనక్కర్లేదు. ఆరోగ్యంగా, హాయిగా ఉంటే అదే పదివేలు. ఇవాళ సాయంత్రం అయిదింటికి "పోయి ఆడుకో అమ్మా" అనండి, ఎంత సంబరపడుతుందో మీరే చూడండి!