కాయితం లేని సైకిలు



సైకిలు దొంగతనం అంటే చాలామందికి నవ్వులాట. మోటారుసైకిలు పోతే ఊరంతా పలకరించడానికి వస్తారు. సైకిలు పోతే మాత్రం పోగొట్టుకున్నోడినే "తాళం వేసుకోవాల్సింది గదా" అని తిడతారు. "పాత సైకిలేగా, పోతే పోయిందిలే" అంటారు. ఈ మాట తప్పు అని నా అభిప్రాయం. ఎందుకు తప్పో చెబుతాను, చదవండి.

కురబలకోట చుట్టుపక్కల తండాల్లో, కాలనీల్లో సైకిలు షోకు కోసం కాదు. తెల్లారేసరికి అంగళ్లలో పాలు పొయ్యాలన్నా, మదనపల్లె మార్కెట్టులో టమోటా బాక్సులు ఎత్తే కూలికి అందుకోవాలన్నా, బస్సు రాని దారిలో చెల్లెలు బడికి పోవాలన్నా సైకిలే దిక్కు. అది పోయిన రోజు కూలి పోతుంది. మరుసటి రోజూ పోతుంది. కొన్నాళ్లకు చెల్లెలి చదువు కూడా పోతుంది. సైకిలు ధర వేరు, దాని విలువ వేరు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 1948లో ఇటలీలో డిసికా అనే దర్శకుడు 'బైసికిల్ థీవ్స్' అని ఒక సినిమా తీసినాడు. గోడలకు పోస్టర్లు అతికించే పని దొరికిన ఒక పేదవాడి సైకిలు మొదటి రోజే దొంగలు ఎత్తుకుపోతారు. పోలీసులు ఫిర్యాదు రాసుకుని, నువ్వే వెతుక్కోపో అంటారు. ఆ సినిమా వచ్చి డెబ్బై ఏండ్లు దాటినా ప్రపంచమంతా ఇంకా చూస్తోందంటే, ఆ జవాబు ఇంకా చాలామందికి వినబడుతోందని అర్థం.

మరి మన దగ్గర ఎట్లుంది? 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 303వ సెక్షను దొంగతనం గురించి. కొత్త చట్టాలతో ఒక గీత గీసినారు. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల కన్నా తక్కువ అయితే పోలీసులు సొంతంగా దర్యాప్తు చెయ్యడానికి లేదు. స్టేషన్లో పుస్తకంలో రాసుకుని మేజిస్ట్రేటు దగ్గరికి పొమ్మంటారు. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తేనే దర్యాప్తు. పాత చట్టంలో ఈ గీత లేదు.

తక్కువ విలువ సొత్తు దొంగిలించినవాడు మొదటిసారి తప్పు చేసి, సొత్తు తిరిగి ఇచ్చేస్తే జైలుకు బదులు సమాజసేవ శిక్ష వేస్తారు. అది మంచిదే. ఆకలికి తప్పు చేసిన కుర్రవాణ్ణి జైల్లో పెట్టమని నేను అనను. కానీ దొంగ మీద దయ చూపడం వేరు, పోగొట్టుకున్నవాణ్ణి గాలికి వదిలెయ్యడం వేరు. పోలీసులకు పెద్ద కేసులు చాలా ఉంటాయి, పాత సైకిళ్ల వెంట తిరగమంటే ఎట్ల అని కొందరు అడుగుతారు. నిజమే. అయితే 50,000 రూపాయల బండి పోయినా కొందరికి అది రెండో బండే. 2,000 రూపాయల పాత సైకిలు పోతే ఒక ఇంటికి ఉన్న ఒకే ఒక్క ఆధారం పోయినట్టు. గీత గీసినవాళ్లు ధర చూసినారు గానీ ఇల్లు చూడలేదు.

ఇంకో సంగతి ఉంది. అది మనలాంటివాళ్లు మరిచిపోకూడదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చినారు. అప్పటి మన చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే ఆ చట్టాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తించేట్టు చేసినారు. మన ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలని రాసేసినారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లాంటి వాళ్ల కోసం పెట్టిన సెటిల్‌మెంటే. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయింది గానీ చూపు పోలేదు. ఊర్లో ఒక సైకిలు మాయమైతే ముందుగా ఎవరి గుడిసె ముందు నిలబడి అడుగుతారో మనకు తెలుసు.

అందుకే అంటున్నా, కాయితం లేని సైకిలు మనకు రెండు విధాలా కీడే. పోతే అది మనదని చెప్పలేము. ఇంటి ముందర ఉంటే మనదేనని నమ్మించలేము. సంతలో ఎవరో అమ్మితే చౌకగా కొంటాము, రశీదు అడగము. అది దొంగ సైకిలని తెలిసి కొన్నారని రుజువైతే 317వ సెక్షను కింద మూడేండ్ల దాకా శిక్ష పడొచ్చు. "నాకు తెలియదు సార్" అన్న మాటకు కాయితమే సాక్షి.

ఇన్సూరెన్సు ఉంటే డబ్బులొస్తాయి గదా అని కొందరు అనుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇన్సూరెన్సు తప్పనిసరి అయింది మోటారు బండ్లకే, సైకిలుకు కాదు. మోటారుసైకిలుకైనా 'థర్డ్ పార్టీ' పాలసీ ఒక్కటే ఉంటే, బండి పోయినప్పుడు పైసా రాదు. అది మన బండి వల్ల దెబ్బ తిన్న ఎదుటివాళ్ల కోసం. మీ నాయనకో అన్నకో బండి ఉంటే పాలసీ కాయితం తీసి ఈ సంగతి ఈరోజే చూడమనండి. సైకిలును చేర్చుకునే ఇంటి సామాన్ల పాలసీలు కొన్ని ఉన్నాయి గానీ మన తండాలకు వచ్చి చెప్పేవాళ్లు లేరు. పైగా క్లెయిముకు కంపెనీ మొట్టమొదట అడిగేది ఎఫ్.ఐ.ఆర్. నకలు. 5,000 లోపల సొత్తుకు ఎఫ్.ఐ.ఆర్. ఎక్కడిది? చూడండి, ఆ గీత ఇక్కడ కూడా అడ్డం పడుతుంది.

బండి పోయిన వెంటనే పోలీసులకు చెప్పి ఎఫ్.ఐ.ఆర్. అయ్యుంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పినారన్న ఒక్క సాకుతో క్లెయిము కొట్టెయ్యకూడదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు ఇచ్చింది. కంపెనీ కాదన్నా, రాసిచ్చిన నెలలోపల జవాబు చెప్పకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక మనం చేయగలిగింది చెబుతాను. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు కాకుండా, ముందే చెయ్యాలి.

ఒకటి. ప్రతి సైకిలుకూ ఫ్రేము మీద నంబరు గుద్ది ఉంటుంది. సీటు గొట్టం మీదనో, పెడళ్ల ఇరుసు కిందనో చూడండి. మట్టి తుడిస్తే కనబడుతుంది. దాన్ని నోటుబుక్కులో రాసుకోండి.

రెండు. పాత సైకిలు కొంటే ఒక కాయితం మీద అమ్మినవారి పేరు, ఊరు, నంబరు, ధర, తేదీ రాసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. అమ్మేవాడు సంతకానికి వెనకాడితే ఆ సైకిలు కొనొద్దు.

మూడు. సైకిలు పోతే ఫిర్యాదు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద స్టేషన్లో ముద్ర వేయించుకోండి. మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలంటే భయం వద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు.

నాలుగు. మన బడిలో ఒక సైకిళ్ల రిజిస్టరు పెట్టాలి. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరు తమ ఇంటి సైకిలు, పక్కింటి సైకిలు నంబరు రాసుకొస్తే చాలు. ఒకప్పుడు సైకిళ్లకు లైసెన్సు బిళ్ళ ఉండేదని పెద్దలు చెబుతారు. జపాన్‌లో సైకిలుకు నంబరు నమోదు చేయించుకోవాలని 1994 నుంచి చట్టమే ఉంది. అక్కడ సర్కారు చేసే పని ఇక్కడ పదో తరగతి పిల్లలు ఒక నోటుబుక్కుతో మొదలుపెట్టొచ్చు. చదువురాని మన పెద్దవాళ్లకు మన చదువు ఉపయోగపడేది ఇట్లాంటి చోటనే.

చివరిగా ఒక మాట. 5,000 గీతను తీసెయ్యాలని మనం అడగాలి. తీసెయ్యలేకపోతే, బతుకుదెరువుకు వాడే వస్తువులకైనా అది వర్తించకూడదు. రజక సోదరుడి ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను, పాలవాడి సైకిలు, బడికిపోయే ఆడపిల్ల సైకిలు: వీటిని సంతలో పలికే ధరతో కొలవకూడదు. ఈ మాట మన ఎమ్మెల్యేకు, ఎంపీకి పోస్టుకార్డు మీద రాసి పంపుదాం. అంతవరకు ఫ్రేము నంబరు రాసుకోవడం మరవొద్దు.