గాయపడ్డ జింకకు రెండో తూటా

అండమాన్ అడవుల్లో చుక్కల జింకలను తగ్గించాలా వద్దా అన్న విషయంలో నాకు అనుమానం లేదు. తగ్గించాల్సిందే. అవి ఈ నేలవి కావు. ఇంగ్లిషువాళ్ల కాలంలో తెచ్చి వదిలారు. పులి లేదు, రేచుకుక్క లేదు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఈదుకుంటూ పాకాయి. మొలక తలెత్తితే చాలు కొరికేస్తాయి. పెద్ద చెట్టు కూలితే దాని చోట లేవడానికి పిల్లచెట్టు ఉండదు. పర్యావరణవేత్త రవూఫ్ అలీ ఏళ్ల తరబడి మొత్తుకున్నది ఇదే.

నా బాధ ఆ తర్వాతి సంగతి గురించి. నేను నౌకాదళంలో ఆయుధాల విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక మిన్నీ బేలోనే ఉండిపోయినవాణ్ణి. పక్కనే ఉన్న జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర మా శ్రీకాకుళం కుర్రాళ్లతో కూర్చుంటే ఈ మాట వస్తుంది. "రైఫిలిస్తే నెల తిరక్కుండా తేల్చేస్తాం బాబాయ్" అంటారు. మొదటి గుండు తగిలి కూడా చావని జింక సంగతి ఎవరూ ఎత్తరు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. కాబట్టి ఈ పని ఎప్పుడు జరిగినా ప్రభుత్వ అనుమతితోనే జరగాలి. ఆ అనుమతి పత్రంలో గాయపడ్డ జింకను దగ్గర్నుంచి ముగించే రెండో ఆయుధం ఏదో, అందులో ఏ తూటా వేయాలో కూడా ఉండాలి.

పొట్టలో గుండు దిగిన జింక పేము పొదల్లోకి దూరుతుంది. ఆ ముళ్లలో పొడవాటి రైఫిల్ తిప్పలేం. బారెడు దూరంలో ఉన్నది టెలిస్కోపులో మసకమసకగా కనిపిస్తుంది. అక్కడ నడుముకున్న రివాల్వరే దిక్కు. మన దేశంలో లైసెన్సుదారు చేతిలో మామూలుగా కనిపించేది .32. దాని గుండు సుమారు 6.4 గ్రాములు, గుండ్రటి మూతి, శక్తి 150 జౌళ్ల దరిదాపు. గిట్టల వైపు కాకుండా వెన్ను వైపు నుంచి చేరి, చెవి మొదట్లో పుర్రెలోకి కాలిస్తే అది చాలు. పది అడుగుల నుంచి భుజం మీద కాలిస్తే మాత్రం ఆ ప్రాణిని మళ్లీ హింస పెట్టడమే.

నన్నడిగితే .38 స్పెషల్ అంటాను. గుండు 10.2 గ్రాములు, శక్తి 270 జౌళ్ల దాకా ఉంటుంది. మూతి బల్లపరుపుగా ఉన్నది ఎంచుకుంటే ఎముక మీద జారదు. .357 మాగ్నమ్ మీద మోజుపడేవాళ్లున్నారు. అంత దగ్గర్లో ఆ బలం అక్కర్లేదు. కాల్చినవాడి చెవులు దెబ్బతింటాయి. పుర్రె దాటిన గుండు పగడపు రాయికి తగిలి ఎటు తిరుగుతుందో, పక్కన నిలబడ్డ గార్డు బతుకేమవుతుందో ఆలోచించాలి.

గుండులోని సీసం సంగతి ఇంకా పెద్దది. అడవిలో వదిలేసిన కళేబరాన్ని నీటి ఉడుములు, సముద్రపు గద్దలు తింటాయి. అమెరికాలో కాండోర్ రాబందులు అలా తిన్న మాంసంలోని సీసంతోనే చచ్చాయి. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. రాగి గుండు ఖరీదెక్కువ, నిజమే. రైఫిల్‌కూ రివాల్వర్‌కూ అదే కొనాలి, ఆ ఖర్చు మొదటి రోజే లెక్కలో చూపాలి. అది చేతికి వచ్చేదాకా, కాల్చిన ప్రతి జింకనూ అడవిలోంచి మోసుకొచ్చి లోతుగా పూడ్చాలి.