ముందు ఆ చప్పుడు భరించండి

ఈ వ్యాసం చదివితే మా అమ్మకు, నాయనకు కొంచెం కోపం రావచ్చు. కింది ఇంటి అత్తకు కూడా రావచ్చు. అయినా రాస్తున్నాను. ఇందులో తప్పు చేసినవాళ్ల పేర్లు రాస్తే మొదటి పేరు నాదే.

మా ఇంట్లో అటక మీద ఒక మృదంగం ఉంది. పాత దుప్పటి చుట్టి, రెండు ట్రంకు పెట్టెల నడుమ పెట్టినాము. అది మా తమ్ముడిది. రెండున్నరేండ్ల కిందట, వాడు ఐదో తరగతి ముగించే సమయంలో, శ్రీరామనవమి భజనకు పోయినాము. మృదంగం వాయించే పెద్దాయన పక్కన కూర్చుని, రాత్రి పదకొండు దాకా కదలకుండా ఆయన చేతులే చూసినాడు. మరుసటి రోజు నుంచి అన్నం కంచం, నీళ్ల బిందె, నా జామెట్రీ బాక్సు, ఏది దొరికితే దాని మీద కొట్టడమే పని. నాయన ఓవర్‌టైము డబ్బులు దాచి ఒక పాత మృదంగం కొనిచ్చినాడు. ఆ రోజు వీధిలో అందరికీ చూపించినాము. ఫోటో తీసి చుట్టాలకు పంపినాము. అందరూ శభాష్ అన్నారు.

ఏడాదిన్నరకు అది అటక ఎక్కింది.

వాణ్ణి ఎవరూ మానెయ్యమని చెప్పలేదు. నేను చెప్పదలచుకున్నది సరిగ్గా ఇదే. మన ఇళ్లలో పిల్లలను సంగీతం మానెయ్యమని ఎవరూ చెప్పరు. "ఇప్పుడు వద్దు" అంటారు. నాయన నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు, ఇప్పుడు వద్దు. కింద అత్తకు తలనొప్పి, ఇప్పుడు వద్దు. చుట్టాలు వచ్చినారు, ఇప్పుడు వద్దు. అక్కకు క్వార్టర్లీ పరీక్షలు, ఇప్పుడు వద్దు. ఆ చివరిది నేను. తలుపు తోసుకుని పోయి, "ఏందిరా ఆ మోత! పొద్దస్తమానం అదే త ధి తొం నం. వేరేది రాదా నీకు?" అని అరిచినాను. వాడు ఎదురు చెప్పలేదు. చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

వేరేది రాదు. రాకూడదు. మృదంగం నేర్చుకునేవాడికి మొదట ఇచ్చే పాఠం ఆ నాలుగు అక్షరాలే. ఒక్కొక్క అక్షరానికి చెయ్యి ఒక్కొక్క చోట, ఒక్కొక్క తీరున పడాలి. మెల్లగా ఒకసారి, దానికి రెట్టింపు వేగంతో ఒకసారి, మళ్లీ దానికి రెట్టింపుతో ఒకసారి, మూడు కాలాలలోనూ ఏ అక్షరమూ మింగకుండా పలకాలి. దానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. ఎడమ మూతకు నీళ్లతో తడిపిన రవ్వ ముద్ద అంటించాలి, అప్పుడే ఆ లోతైన నాదం వస్తుంది. వాయించినాక దాన్ని గీకి తీసెయ్యాలి. "ఉప్మా రవ్వంతా మద్దెలకే పోతా ఉంది" అని మా అమ్మ మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత్తర్వాత నవ్వకుండా అనేది. వానాకాలంలో తోలు చెమ్మ పట్టి శ్రుతి దిగిపోతుంది. రాయితో అంచు మీద తట్టి సరిచెయ్యాలి. అది పిల్లల చేతికి లొంగే పని కాదు, పక్కన పెద్దవాళ్లు ఒకరుండాలి. మా ఇంట్లో ఆ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఫీజు మాత్రం నెలనెలా కట్టినాము.

ఫీజు కట్టడాన్నే మనం ప్రోత్సాహం అనుకుంటున్నాము. నా వాదన ఏమిటంటే, అందులో అది చాలా చిన్న భాగం. వాద్యం నేర్చుకునే పిల్లకు ఇంట్లోవాళ్లు ఇవ్వవలసిన మొదటి సాయం, ఆ పిల్ల చేసే చెడ్డ చప్పుడును రోజూ వినడం.

ఎందుకు చెడ్డ చప్పుడు వస్తుందో కొంచెం తెలుసుకుంటే వినడం సులభమవుతుంది. వయొలిన్ తీసుకోండి. వీణకు మెట్లుంటాయి, వేలు ఎక్కడ పెట్టాలో కంటికి కనిపిస్తుంది. వయొలిన్‌కు మెట్లు లేవు. నున్నటి పలక మీద స్వరం ఎక్కడుందో చెవితో వెతుక్కోవాలి. మొదటి పాఠాలైన సరళీ వరుసలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. అందులో షడ్జమానికి, రిషభానికి నడుమ ఎడం చాలా తక్కువ. వేలు కొంచెం పైకి జరిగినా, కిందికి జరిగినా అపస్వరమే. ఇదంతా ఎడమ చేతి కష్టం. కుడి చేతిలో విల్లు ఎక్కువ నొక్కితే కీచుమంటుంది, తక్కువ నొక్కితే ఈల వేసినట్టు జారుతుంది. పెద్ద వయొలిన్ తెచ్చి చిన్న పిల్ల చేతిలో పెడితే ఆ పిల్ల ఏమి చేసినా చెయ్యి అందదు. వయొలిన్లలో సగం సైజు, ముప్పావు సైజు అని ఉంటాయి. "ఎట్లాగూ పెరుగుతుంది కదా" అని యూనిఫారం కొన్నట్టు వయొలిన్ కొనకండి.

కొందరు తెలివిగా కీబోర్డు కొనిస్తారు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టేస్తే ఇంట్లో ఎవరికీ గొడవ లేదు. కీబోర్డు చెడ్డదని నేను అనను. కాని ఏ బొత్తం నొక్కినా అది తయారుచేసి పెట్టిన స్వరాన్నే ఇస్తుంది. బిడ్డకు ఏ వాద్యం ఇష్టమని అడగకుండా, ఏ వాద్యానికి చప్పుడు తక్కువని అడిగి కొనే తల్లిదండ్రులను చూస్తే నాకు నవ్వు, కోపం రెండూ వస్తాయి.

ఇక మన గొప్పల సంగతి. తమిళనాడులో పుట్టి పెరిగిన తెలుగువాళ్లం మనం. వార్షికోత్సవం వస్తే త్యాగయ్య మనవాడని చెప్పుకుంటాం. నిజమే. తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో బతికి, తెలుగులో కీర్తనలు రాసినాడు. ఆయన ఆరాధనకు తెలుగు రాని విద్వాంసులు కూడా వరుసగా కూర్చుని ఆ తెలుగు కీర్తనలే పాడుతారు. నాదస్వరం షేక్ చినమౌలానా మనవాడని చెప్పుకుంటాం. ఒంగోలు దగ్గర కరవది నుంచి వచ్చి శ్రీరంగంలో స్థిరపడినాడు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. వయొలిన్ అంటే ద్వారం వెంకటస్వామి నాయుడు అంటాం. 1893లో బెంగళూరులో పుట్టిన తెలుగువాడు, చూపు సరిగా లేకపోయినా విజయనగరం సంగీత కళాశాలలో గురువై, తర్వాత ప్రిన్సిపాల్ అయినాడు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చిన్నపిల్లవాడిగానే మద్రాసు వేదికలెక్కినాడు. ఇవన్నీ ఉపన్యాసాలలో చెప్పుకుంటాం. వీళ్లంతా ఏదో ఒక ఇంట్లో, ఎవరో ఒకరి నిద్ర చెడగొట్టి నేర్చుకున్నవాళ్లే కదా! ఆ ఇండ్లలో ఎవరో ఒకరు "ఇప్పుడు వద్దు" అని రోజూ అని ఉంటే, వార్షికోత్సవంలో మనం ఎవరి పేరు చెప్పేవాళ్లం? సాధన గురించి వేమన పద్యాన్ని మనచేత గడగడా అప్పజెప్పిస్తారు. అదే సాధన పక్క గదిలో జరిగితే తలుపేసుకుంటారు.

మా తమ్ముడి మృదంగం సారుది తమిళం. ఆయన కీర్తన పాడుతూ పాఠం చెప్పేటప్పుడు నడుమ ఆపి, "నువ్వు తెలుగు మీడియం కదా, ఈ మాటకు అర్థం చెప్పు" అని వాణ్ణి అడిగేవారు. వాడికి తెలియకపోతే ఇంటికొచ్చి అవ్వను అడిగేవాడు, అవ్వకు తెలియకపోతే మరుసటి రోజు బడిలో తెలుగు అయ్యవారిని అడిగేవాడు. తెలుగు మీడియంలో చదివి ఏం లాభమని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు నాకు కనపడలేదు. ఆ జవాబును కూడా మేము అటక మీద పెట్టేసినాము.

మార్కుల మాట ఎత్తుతారని తెలుసు. నేనూ ఈ ఏడు పదో తరగతే. అందరూ నన్ను చూసినప్పుడల్లా అడిగేది మార్కులే. సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయని కొందరు సమర్థిస్తారు. నేను ఆ మాట చెప్పను. లెక్కలు రావాలంటే లెక్కలు చెయ్యాలి. మృదంగం మృదంగం కోసమే నేర్చుకోవాలి, దానికి లెక్కల సిఫారసు చీటీ ఎందుకు? నేనడిగేది రోజుకు అరగంట. వారానికి మూడున్నర గంటలు. తమ్ముడు మానేసినాక ఆ అరగంట చదువులోకి పోయిందా అంటే, పోలేదు. సెల్‌ఫోనులోకి పోయింది. ఫోను చప్పుడు చెయ్యదు కాబట్టి ఇంట్లో ఎవరూ "ఇప్పుడు వద్దు" అనడం లేదు.

ఇంకో రకం ఇండ్లున్నాయి. అక్కడ వద్దనరు, కావాలి కావాలి అంటారు. బెంగళూరులో మా పిన్ని కూతురు వయొలిన్ నేర్చుకుంటోంది. ఎవరు ఇంటికి వచ్చినా కాఫీ కంటే ముందు ఆ పిల్లను పిలుస్తారు. "ఏదీ, ఒకటి వాయించమ్మా." అది బిగుసుకుని వాయిస్తుంది, తప్పు పోతుంది, పిన్ని మొహం మాడుతుంది. ఆరు నెలలకే కీర్తన రాలేదేమని గురువును అడిగినారు, ఏడాదికి పోటీలో పేరిచ్చినారు. ఆ పిల్ల పోయినసారి నాతో చెప్పింది, అమ్మ బజారుకు పోయినప్పుడు మాత్రమే తనకు వాయించుకోవాలని అనిపిస్తుందట. ఒక ఇంట్లో చప్పుడు వద్దు, ఇంకో ఇంట్లో చప్పట్లు కావాలి. నడుమ ఉండే తప్పులూ తడబాట్లూ రెండు ఇండ్లలోనూ ఎవరికీ అక్కర్లేదు.

ఒక మాట చెప్పడానికి కొంచెం భయంగా ఉంది, కాని చెప్పాలి. నాకు తెలిసిన ఒక పిల్లవాడు డోలు నేర్చుకుంటున్నాడు. వాళ్ల నాయన పెళ్లిళ్లలో వాయిస్తాడు. డోలుకు ఎడమ వైపు కర్రతో కొట్టాలి, కుడి చేతి వేళ్లకు పిండీ గుడ్డా కలిపి చేసిన గట్టి తొడుగులు వేసుకోవాలి. ఆ తొడుగుల గుర్తులు వాడి వేళ్ల మీద చూసి పిల్లలు ఎగతాళి చేస్తారు. వయొలిన్ పెట్టె పట్టుకుని వచ్చే పిల్లను ఎవరూ ఎగతాళి చెయ్యరు. ఎందుకు? కొండ మీది చంద్రచూడేశ్వరుడి తేరు కదిలేటప్పుడు డోలు, నాదస్వరం లేకపోతే మనకు పండుగలాగే ఉండదు. పెళ్లిలో తాళి కట్టే క్షణాన గట్టిమేళం అని అరుస్తాము. కాని మన పిల్లవాడు డోలు నేర్చుకుంటానంటే, "అది మన పని కాదు" అంటాము. చెవికి లేని కులం మన నోటికి ఎక్కడి నుంచి వచ్చింది? తమిళనాడులో ప్రభుత్వ జిల్లా సంగీత పాఠశాలలున్నాయి. అక్కడ గాత్రం, వయొలిన్, మృదంగాలతో పాటు నాదస్వరం, డోలు కూడా పాఠాలే. ప్రభుత్వం ఒకే కప్పు కింద పెట్టిన వాటిని మనం ఎందుకు విడదీస్తున్నాము?

బడి సంగతికి వస్తాను. టైమ్‌టేబుల్లో పాటల పీరియడ్ అని ఉంటుంది. పరీక్షలు దగ్గరికొస్తే లెక్కలో, సైన్సో దాన్ని మింగేస్తుంది. ఈ మాట అయ్యవార్లకు చెప్పుకుంటే రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే, వాళ్లకూ సిలబస్ ముగించమని పైనుంచి ఒత్తిడి. అందుకే పీరియడ్ అడగడం లేదు. సాయంత్రం బడి వదిలినాక ఒక గది అడుగుతున్నాను. మాలాగా లైను ఇండ్లలో ఉండేవాళ్లు చాలామంది. ఒక గోడకు అటుపక్క ఇంకో సంసారం. నాయన పగలు పడుకోవలసినవాడే, అది ఆయన తప్పు కాదు, ఆయన షిఫ్టుతోనే మా ఇల్లు నడుస్తుంది. అట్లాంటి ఇంటి పిల్లకు, పిల్లవాడికి బడిలో ఒక గంట తలుపు తెరిచిన గది దొరికితే, ఎవరి నిద్రా చెడదు. తాళం చెవి మా పెద్ద తరగతుల పిల్లల దగ్గర ఉంచండి. ఊడ్చి, కిటికీలు వేసి, తాళం వేసే పూచీ మాది.

ఇండ్లలో చెయ్యవలసినది కూడా పెద్ద ఖర్చు కాదు. ఒక వేళ పెట్టండి. ఆ వేళ పక్కింటివాళ్లకు ముందే చెప్పండి. తంతి తెగితే వచ్చే నెల దాకా ఆపకండి. మార్కులు తగ్గితే వేరే శిక్ష వెయ్యండి, వాద్యాన్ని మాత్రం దాచకండి. రోజూ కాకపోయినా వారానికి రెండుసార్లు పక్కన కూర్చోండి. బియ్యం ఏరుకుంటూ కూర్చున్నా సరే. రాగమూ తాళమూ తెలియకపోతే ఏమీ పరవాలేదు, మా అవ్వకూ తెలియదు.

పోయిన ఆదివారం నేనే అటక ఎక్కి మృదంగం దించినాను. దుప్పటి విప్పి చూస్తే కుడి మూత నడుమ నల్లటి కరణి పెచ్చులూడి ఉంది, వార్లు సడలిపోయినాయి. సారు దగ్గరికి తీసుకపోతే, మూత మార్పించాలి, తోలు పని చేసేవాళ్లకు ఇవ్వాలి అన్నారు. డబ్బులు ఎంతవుతాయో నాయనకు చెప్పినాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు, తర్వాత "జీతం పడనీ" అన్నాడు. కింది ఇంటి అత్త దగ్గరికి నేనే పోయి, సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా అని అడిగినాను. "ఆరున్నర అంటే ఆరున్నరకే ఆపాల" అంది. సరే అన్నాను.

తమ్ముడికి చెబితే వాడు ఫోనులో నుంచి తల ఎత్తకుండా, "ఏం వద్దులే అక్కా, నీకు ఈ ఏడు టెన్త్ కదా" అన్నాడు.