సర్వర్ ఆగినా గడువు ఆగలేదు

వక్ఫ్ ఆస్తుల వివరాలు ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించడానికి ఇచ్చిన ఆరు నెలల గడువు 2025 డిసెంబరు 6న ముగిసింది. దేశం మొత్తం మీద 5,17,040 ఆస్తుల ఎంట్రీ మొదలైతే, ఆమోదం దాకా వచ్చినవి 2,16,905 మాత్రమే. పోర్టల్ నెమ్మదిగా ఉందని, మధ్యలో ఆగిపోతోందని ముతవల్లీలు మొత్తుకున్నారు. సుప్రీంకోర్టు మాత్రం డిసెంబరు 1న గడువు పెంచడానికి ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్‌కు వెళ్లమంది. ట్రిబ్యునల్ ఇంకో ఆరు నెలల దాకా ఇవ్వొచ్చు, కానీ తగిన కారణం చూపాలి. ‘సర్వర్ డౌన్’ అన్న కారణాన్ని ఖబ్రస్తాన్ చూసుకునే ఒక పెద్దాయన ఎలా చూపిస్తాడు?

సర్వర్ లోపలికి ఒకసారి చూద్దాం. పెద్ద సైట్లు ఈ రోజుల్లో చాలావరకు వర్చువల్ సర్వర్ల మీద నడుస్తాయి. అంటే ఒకే యంత్రంలో పది, ఇరవై సర్వర్లు. వాటి డేటా ఉండేది వేరే స్టోరేజ్ పెట్టెలో. మధ్యలో కేబుల్ ఒక్కటే ఉండి అది పోతే ఇరవై సర్వర్లూ ఒకేసారి పడకేస్తాయి. అందుకే రెండు కార్డులు, రెండు స్విచ్‌లు, రెండు కంట్రోలర్లు పెట్టి దారులు పెంచుతారు. దీన్నే మల్టీపాతింగ్ అంటారు. ఒక దారి పోగానే పని ఇంకో దారికి మారడం ఫెయిలోవర్.

తిరుపతి వాళ్లకు ఇది కొత్తేం కాదు. 2021 డిసెంబరులో తిరుమల ఎక్కే ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడితే, దిగే రోడ్డు ఉంది కాబట్టి రాకపోకలు సాగాయి.

అయితే రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌కు తగిలిస్తే రెండు దారులు పేరుకే. బిల్డింగే కాలిపోతే అన్ని దారులూ ఉన్నా లాభం లేదు. దక్షిణ కొరియాలోని డేజాన్‌లో 2025 సెప్టెంబరు 26న ప్రభుత్వ డేటా సెంటర్ బ్యాటరీలకు మంటలంటుకుని 709 సిస్టమ్‌లు ఆగాయి. 858 టెరాబైట్ల ఉద్యోగుల ఫైళ్లకు బయట ఇంకో కాపీ కూడా లేదు. ఇక ఆఖరి వారం రద్దీకి ఫెయిలోవర్ మందు కాదు, దానికి సర్వర్ల బలమే పెంచాలి.

ఇక్కడ అసలు సంగతి ఒకటుంది. దారి తెగినా, సర్వర్ ఆగినా ఆ యంత్రమే తేదీ, గంట, సెకనుతో సహా లాగ్ రాసుకుంటుంది. ఆ లాగ్ ప్రభుత్వం దగ్గరుంటే, రుజువు చేసే బరువు స్క్రీన్‌షాట్ తీయడం కూడా రాని ముతవల్లీ మీద పడింది. ఇదేం లెక్క?

మనుషుల దగ్గరైతే రెండో దారే లేదు. ఎంట్రీ పూర్తి చేసి పంపాక పరిశీలనలో ఉండిపోయినవి 2,13,941. వాటిని కేబుల్ ఆపలేదు. పైగా ఇక్కడి కాగితాలు వేరే చిక్కు. 1911కి ముందువైతే ఉత్తర ఆర్కాట్ అని, తర్వాతవి చిత్తూరు అని ఉంటాయి. 2022 నుంచి తిరుపతి వేరే జిల్లా. ఒకే ఈద్గాకు మూడు చోట్ల పాత రికార్డులు వెతకాల్సి రావచ్చు.

మూడు నెలలు జరిమానాలు, కఠిన చర్యలు ఉండవని కేంద్రమంత్రి రిజిజు అప్పట్లో చెప్పారు. దానితోపాటు పోర్టల్ ఏ రోజు, ఎన్ని గంటలు ఆగిందో ఆ లాగ్‌లోంచి తీసి బయటపెట్టి ఉంటే, ట్రిబ్యునల్ మెట్లెక్కే ముతవల్లీ చేతిలో ఒక కాగితమైనా ఉండేది.