గొంతుకు మెట్లు లేవు

మా తమ్ముడి కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. సంక్రాంతి సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు పొద్దున్నే ఐదు శ్రుతి పెట్టుకుని సరళీ వరుసలు పాడుతూ కూర్చుంది. ఎదురుగా స్టాండు మీద ఫోను. తను పాడుతుంటే తెర మీద ఒక గీత కదులుతోంది. స్వరం సరిగ్గా పడితే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు. దాదాపు అంతా ఆకుపచ్చే. నాకు ముచ్చటేసింది. "ఏదీ, ఫోను చూడకుండా ఒకసారి పాడమ్మా" అన్నాను. రెండు వరుసలు బాగానే పాడింది. మూడో దాంట్లో పై షడ్జం కాస్త అందలేదు. అక్కణ్ణుంచి గొంతు జారుతూనే ఉంది. పక్కన శ్రుతి మోగుతున్నా ఆ తేడా తనకు తెలియలేదు. "ఫోనుంటే వస్తుంది పెదనాన్నా" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే నేనూ ఎనిమిది నెలలుగా అలాంటి సాఫ్ట్‌వేర్ ముందే కూర్చుని గిటార్ నేర్చుకుంటున్నాను. నాకు దానివల్ల మేలే జరిగింది. జీ కార్డ్ నుంచి సీ కార్డ్‌కి వేళ్లు మారడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ రోజుకు ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అదే పాఠం మళ్లీ మొదలుపెట్టింది. కష్టమైన చోట వేగం సగానికి తగ్గించినా పాట శ్రుతి మారదు. టేపు రికార్డర్ రోజుల్లో వేగం తగ్గిస్తే గొంతు కూడా బొంగురుపోయేది. ఒక సంగతిని అదే శ్రుతిలో నిదానంగా, విడదీసి వినగలగడం మా తరానికి దొరకని వరం.

అయితే గిటార్ మెట్ల వాద్యం. తీగలు శ్రుతి చేసి ఉంటే చాలు, రెండు మెట్ల మధ్య వేలు ఎక్కడ నొక్కినా పలికేది ఒకే స్వరం. ఏ మెట్టు, ఏ వేలు, ఏ క్షణం అన్నదే నేను నేర్చుకోవాలి. అది తెర చూపించగలదు. (నా మణికట్టు తప్పుగా వంగుతోందని మాత్రం చెప్పలేకపోయింది. నెల రోజులు నొప్పితో బాధపడ్డాను.) గొంతుకు మెట్లు లేవు. పాడబోయే స్వరం ముందుగా లోపల వినబడాలి, ఆ తర్వాతే బయటికి రావాలి.

తెర ఆ పని చేసిపెట్టలేదు. అది ఎప్పుడూ స్వరానికి వెనకే ఉంటుంది. శ్రుతి కనిపెట్టాలంటే యంత్రం ఆ నాదాన్ని కొంతసేపు వినాలి. గిటార్ మీద అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. అంటే ఒక్కో కంపనానికి 12 మిల్లీసెకన్లు. కనీసం రెండు కంపనాలైనా పోల్చి చూస్తే గాని లెక్క తేలదు. పిల్లల గొంతు స్థాయి ఎక్కువ కనుక ఇంకా తొందరగా తేలుతుంది. అయినా కన్ను గీతను చూసి, గొంతు సవరించుకునేసరికి పాట ముందుకు వెళ్లిపోతుంది. అలా నేర్చిన పిల్లకు తప్పు దిద్దుకోవడం వస్తుంది గానీ, తప్పకుండా పాడటం రాదు.

గమకం సంగతి ఇంకా కష్టం. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు స్థాయిని 12 సమాన భాగాలు చేసి, గొంతు వాటిలో ఏదో ఒకదాని మీద నిలబడాలంటాయి. సరళీ వరుసలదాకా సర్దుకుపోవచ్చు. రేపు తోడి రాగం మొదలుపెడితే? తోడి గాంధారానికి ఊగడంలోనే ప్రాణముంది. ఆ ఊపంతా తెర మీద ఎర్రగీతలై కనిపిస్తుంది. స్కోరు కోసం పిల్లలు దాన్ని చదును చేసుకుంటారేమోనన్నదే నా భయం.

అలాగని ఫోను పక్కన పారేయమనను. డాలస్‌లోనో, మన పల్లెల్లోనో ఉండి వారానికొక్క ఆన్‌లైన్ పాఠంతో నేర్చుకునే పిల్లలకు మిగతా ఆరు రోజులూ తోడెవరు? వాడే పద్ధతి మారాలి. యూబీసాఫ్ట్ సంస్థ 2011లో 'రాక్‌స్మిత్' అనే వీడియో గేమ్ తెచ్చింది. నిజం గిటార్‌నే కేబుల్‌తో తగిలించి వాయించాలి. బాగా వాయిస్తే స్వరాలు పెంచుతుంది, తడబడితే తగ్గిస్తుంది. దాని తర్వాత వచ్చిన 'రాక్‌స్మిత్ 2014'లో మాస్టర్ మోడ్ అని ఒకటుంది. పాట చేతికొచ్చే కొద్దీ తెర మీది గుర్తులు మాయమవుతాయి, ఇక జ్ఞాపకం మీదే వాయించాలి. మంచి గురువు చేసే పని ఇదే. పాట నేర్పే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఇది ఉండాలి. పాడుతున్నంతసేపూ గీత దాచిపెట్టి, ముగిశాకే చూపాలి.

అలాంటిది మా ఫోనులో లేదు కనుక మేమే చేసుకున్నాం. రికార్డింగ్ పెట్టి ఫోను బోర్లా పడుకోబెట్టడం, పాడాక ఇద్దరం కూర్చుని గీత చూడటం. మొదటి రెండు రోజులూ ఎరుపు చూసి చిన్నబుచ్చుకుంది. మూడో రోజు మధ్యలో తనే ఆగింది.

"రిషభం కిందికి పోయింది కదూ పెదనాన్నా?"

ఫోను తిప్పి చూశాను. పోయింది. నేను చూస్తుండగానే తను కళ్లు మూసుకుని మళ్లీ షడ్జం అందుకుంది.