వియన్నా వెళ్తే, ముందు కూర్చోండి!

యూరప్ వెళ్ళొచ్చిన మనవాళ్ళని "ఏం చూశారండీ?" అని అడిగి చూడండి. ఎక్కాలు అప్పజెప్పినట్టు పేర్లు అప్పజెప్తారు. ఉదయం కోట, మధ్యాహ్నం చర్చి, సాయంత్రం వంతెన, రాత్రి రైలు. "మరి ఏం తిన్నారండీ?" అంటే మాత్రం నీళ్ళు నములుతారు. సగంమంది స్టేషన్లో బర్గరు తిని, గదిలో మాగాయన్నం కలుపుకుని వచ్చినవాళ్ళే. మాగాయని తప్పుపట్టే సాహసం నాకు లేదు గాని, ఒక ఊరెళ్ళి ఆ ఊరి బల్ల దగ్గర కాసేపు కూర్చోకుండా రావటం పెళ్ళికెళ్ళి పందిరి చూసి తిరిగొచ్చినట్టే.

ఇప్పుడు మన పిల్లలు చాలామంది చదువులకి జర్మనీ వెళ్తున్నారు. మ్యూనిక్ నుంచి వియన్నాకు రైల్లో సుమారు నాలుగు గంటలు. శుక్రవారం బయల్దేరితే ఆదివారం రాత్రికి గూటికి చేరుకోవచ్చు. అలాంటి వాళ్ళ కోసం, వియన్నాలో మూడు రోజులు తిరిగొచ్చిన ఓ పాత విద్యార్థిగా నా అభిప్రాయం చెప్తున్నాను. ఆ ఊళ్ళో చూడవలసిన వాటిలో మొట్టమొదటిది కుర్చీ.

నవ్వకండి. వియన్నా కాఫీ హోటల్లో ‘మెలాంజ్’ అడిగితే, నురుగు తేలే పాల కాఫీ చిన్న పళ్ళెంలో పెట్టి తెస్తారు. పక్కన గ్లాసుడు మంచినీళ్ళుంటాయి. ఓ మూల, చట్రాలకి బిగించిన దినపత్రికలుంటాయి. ఒక్క కప్పు ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా సర్వరు మీదపడి తరమడు. బిల్లు మనం అడిగితేనే వస్తుంది. ఆ ఖరీదు రూపాయల్లోకి మార్చుకుంటే గుండె గుభేలుమంటుంది, నిజమే. అందులో సగం కుర్చీ అద్దె అనుకోండి, బాధ తగ్గుతుంది. ఈ కాఫీ హోటళ్ళ సంస్కృతిని 2011 లో ఆస్ట్రియా తన వారసత్వ జాబితాలోకి ఎక్కించుకుంది కూడా.

ఎక్కడ కూర్చోవాలి? 1876 లో తెరిచిన కఫే సెంట్రల్‌లో ఫ్రాయిడ్, ట్రాట్‌స్కీ కూర్చునేవారని గైడు పుస్తకాలన్నీ రాశాయి. దాంతో గుమ్మం ముందు క్యూ కట్టేస్తున్నారు. వెనక అంతమంది కాళ్ళు మార్చుకుంటూ నిలబడితే లోపలివాడు తీరిగ్గా పేపరేం చదువుతాడు చెప్పండి? అంచేత లోపలి కమానులు ఓసారి చూసి వచ్చేయండి. కాఫీ మాత్రం 1880 నాటి కఫే స్పెర్ల్‌లో తాగండి. రాత్రయితే 1939 లో మొదలైన హవెల్కాకి పోండి. అక్కడ పొద్దుపోయాక జాము పెట్టిన వేడి వేడి బన్నులు వస్తాయి.

ఇక భోజనం సంగతి. వీనర్ ష్నిట్సెల్ అని రాసి ఉంటే అది దూడ మాంసం. పంది మాంసంతో చేసినదైతే ఆ మాట విడిగా రాయాలి, అది అక్కడి నియమం. మనలో పట్టింపులున్నవాళ్ళు మెనూ జాగ్రత్తగా చదువుకోవాలి. రోడ్డు పక్క సాసేజి బడ్ల దగ్గర రాత్రిపూట సూటూ బూటూ వేసినవాడూ, డ్యూటీ దిగిన డ్రైవరూ పక్కపక్కన నిలబడి తింటారు. శాకాహారికి దిగులక్కర్లేదు. నాష్‌మార్క్ట్ బజార్లో సెనగ వడల్లాంటి ఫలాఫెల్, ఆలివ్ కాయలు, రొట్టెలు దొరుకుతాయి. ఆదివారం ఆ బజారుండదు, శనివారమే పోండి. ఆ రోజు పక్కనే పాత సామాన్ల సంత కూడా ఉంటుంది. గుడ్డు తినేవాళ్ళయితే కైజర్‌ష్మార్న్ అని, అట్టుని ముక్కలు చేసి పంచదార చల్లి ప్లమ్ పళ్ళ పాకంతో ఇస్తారు, ఒక్క పూటకి అదే చాలు. సాహెర్ కేకు గురించి వినే ఉంటారు. ‘అసలుది మాదంటే మాది’ అని రెండు దుకాణాలు ఏళ్ళ తరబడి కోర్టులో కొట్టుకుని 1963 లో రాజీపడ్డాయి. నన్నడిగితే ఆ కేకు కంటే ఆ తగాదాయే రుచి! మంచినీళ్ళు మాత్రం కొనకండి. ఆల్ప్స్ కొండల ఊటనీరు 1873 నుంచి ఆ ఊరి కుళాయిల్లో వస్తోంది.

"వీసాకీ, రైలుకీ ఇంత పోసి వెళ్ళి కూర్చోవడమా? మళ్ళీ ఎప్పుడు పోతామండీ, దొరికిందల్లా చూసెయ్యాలి గాని!" అని ఓ మిత్రుడు నాతో వాదించాడు. ఆ మాటలో బరువుంది, కాదనను. కానీ దొరికిందల్లా చూస్తే ఏదీ చూడలేం. 1891 లో తెరిచిన కళా మ్యూజియంలో గదులన్నీ తిరిగితే కాళ్ళ నొప్పులు తప్ప ఏమీ మిగలవు. బ్రూగల్ చిత్రాలున్న ఒక్క గదిలో బల్ల మీద కూర్చుని, మంచులో ఇంటికి తిరిగొస్తున్న ఆ వేటగాళ్ళని అరగంట చూడండి. 1565 నాటి చలి మీకూ తగుల్తుంది. స్టేట్ ఆపెరాలో కుర్చీ టిక్కెట్టు మనవల్ల కాదు గాని, నిలబడి వినే టిక్కెట్టు చాలా చవక. రెయిలింగుకి మఫ్లరు కట్టేస్తే ఆ చోటు మీదే, ఎవరూ కదపరు. 1945 లో బాంబులకి కాలి, 1955 లో మళ్ళీ తలుపులు తెరిచిన భవనంలో, జేబులో డబ్బుల్లేనివాడికి కూడా ఇంత చోటు ఉంచారు.

నాకు ఆ ఊరు నచ్చింది ఇందుకే. ఈ చోటు దానంతటది రాలేదు, పట్టుబట్టి సంపాదించుకున్నారు. మెట్రో ఎక్కి హైలిగెన్‌ష్టాట్‌లో దిగితే ఎదురుగా కార్ల్ మార్క్స్ హోఫ్. 1927-30 మధ్య మునిసిపాలిటీ కార్మికుల కోసం కట్టిన ఇళ్ళ వరుస అది. కిలోమీటరు పైచిలుకు పొడవు, వెయ్యికి మించిన వాటాలు, ఉమ్మడి చాకిరేవులు, పిల్లల బడులు, గ్రంథాలయం. 1934 అంతర్యుద్ధంలో దానిమీద ఫిరంగులు పేల్చారు. అయినా నిలిచింది, ఇవాళ్టికీ అందులో జనం కాపురముంటున్నారు. నేడు వియన్నా నగరపాలక సంస్థ చేతిలో సుమారు 2,20,000 అద్దె ఇళ్ళున్నాయి. టిక్కెట్టు లేకుండా చూడగలిగిన ఈ వింత మన జాబితాల్లో ఎక్కడా కనపడదు!

అలాగని ఆ ఊరిని నెత్తిన పెట్టుకుని ఊరేగించమనడం లేదు. ఆ కాఫీ కుర్చీల్లో కూర్చుని రాసినవాళ్ళలో, వాదించినవాళ్ళలో యూదులెందరో. 1938 లో హిట్లర్ వచ్చి హెల్డెన్‌ప్లాట్స్‌లో ఉపన్యసిస్తే మైదానం నిండా జనం చేరి జేజేలు కొట్టారు. 47 ఏళ్ళు బెర్గ్‌గాసే 19 నంబరు ఇంట్లో ఉన్న ఫ్రాయిడ్ ఆ ఏడే ముసలితనంలో లండన్ పారిపోయాడు. పారిపోలేనివాళ్ళ గుర్తుగా యూడెన్‌ప్లాట్స్‌లో 2000 సంవత్సరంలో ఒక కాంక్రీటు గది కట్టారు. గోడలన్నీ పుస్తకాల వరుసలే గాని వెన్నులు లోపలికి తిరిగి ఉంటాయి, ఒక్క పేరూ చదవలేం. తలుపులున్నాయి, తెరుచుకోవు. చంపబడిన 65,000 మంది ఆస్ట్రియా యూదుల జ్ఞాపకం అది. కాఫీ తాగిన కాళ్ళతోనే అక్కడికి నడిచి వెళ్ళండి, దూరం కాదు. కుర్చీ అందరిదీ అని చెప్పుకున్న ఊళ్ళోనే ‘నువ్వు లే’ అని కొందరిని లేపేసిన రోజులున్నాయని తెలిస్తేనే ఆ కుర్చీ విలువ తెలుస్తుంది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ జాబితాలో సగం పేర్లు కొట్టెయ్యండి. రోజుకి ఒక్కటి చూడండి, ఒక్కచోట తీరిగ్గా తినండి, ఒక్కచోట ఏ పనీ పెట్టుకోకుండా కూర్చోండి. కూర్చున్నప్పుడు ఇంకో సంగతి ఆలోచించండి. మన పట్నాల్లో హాస్టలు గది ఇరుకై, చేతిలో టీ డబ్బులు మాత్రమే ఉన్న విద్యార్థి సాయంత్రం రెండు గంటలు ఎక్కడ కూర్చుంటాడు? ఆడపిల్లయితే ఎక్కడ కూర్చుంటుంది? ఈ ప్రశ్నతో తిరిగొచ్చినవాళ్ళు ఫోటోలు తేకపోయినా ఫరవాలేదు, మన సంఘం సమావేశంలో లేచి ఆ ప్రశ్న అడిగితే చాలు.