ఎవరు వదిలేశారు?

పేటెంటు చట్టం 21వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. పేటెంటు ఆఫీసు అభ్యంతరాలకు గడువులోగా జవాబు రాని దరఖాస్తును దరఖాస్తుదారుడు వదిలేసినట్టే భావించాలట. భావించేది ఎవరు? ఆఫీసు. వదిలేసింది ఎవరట? ఏళ్ల తరబడి నూలు పోగుల మధ్య బుర్ర బద్దలు కొట్టుకుని యంత్రం కనిపెట్టిన మనిషి! నేను వదల్లేదు మొర్రో అంటే వినడానికి ఆ చట్టంలో ఒక్క సెక్షన్ లేదు.

సూరత్‌లో లింబాయత్ వైపు రండి. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీల పిల్లలు, మనవలు ఇక్కడ పవర్‌లూమ్‌ల మోతలో బతుకుతున్నారు. వాళ్లలో ఒక మెకానిక్ మగ్గానికి కొత్త పరికరం చేశాడనుకుందాం. ఏజెంటును పట్టుకుని ముంబై పేటెంటు ఆఫీసులో దరఖాస్తు వేశాడు. 18 నెలలయ్యాక అది పేటెంటు జర్నల్‌లోకి ఎక్కింది. పరికరం గుట్టు లోకమంతటికీ తెలిసిపోయింది. తర్వాత మొదటి పరీక్షా నివేదిక ఏజెంటు ఈమెయిలుకు వచ్చింది. జవాబుకు 6 నెలలు, అడిగితే ఇంకో 3. ఏజెంటు అడగలేదు, జవాబివ్వలేదు, అసలు విషయమే చెప్పలేదు. దరఖాస్తు చచ్చింది. అతనికి కబురైనా లేదు.

మళ్లీ వేసుకోవచ్చుగా అంటారు తెలియనివాళ్లు. ఎలా వేస్తాడండీ? ఆ పరికరం కొత్తది కాదనడానికి అతని పాత దరఖాస్తే సాక్ష్యం, జర్నల్‌లో అచ్చయింది కదా! రింగ్ రోడ్ బజారులో ఒకరి చీర డిజైను ఆడిందంటే పక్క కొట్లో దిగడానికి ఎంతసేపు? అలాంటి ఊళ్లో బొమ్మలతో, కొలతలతో సహా బయటపడిన యంత్రానికి కాపలా తీసేశారు. తన చేత్తో రాసిచ్చిన కాగితమే తన నోరు కట్టేసింది.

ఇదే చట్టం పేటెంటు చేతికొచ్చినవాడికి మాత్రం పెద్దపీట వేస్తుంది. రెన్యువల్ ఫీజు కట్టక పేటెంటు పోయిందా? 60వ సెక్షన్ ఉంది. 18 నెలల్లోగా వచ్చి, కావాలని చేసింది కాదని చూపిస్తే తిరిగి ఇస్తారు. మధ్యలో ఆ యంత్రాన్ని వాడుకున్నవాళ్ల మీద దావా కుదరదని 62వ సెక్షన్ వాళ్లకూ రక్షణ ఇచ్చింది. పోటీదారుల గతేమిటని దీర్ఘాలు తీసేవాళ్లకు జవాబు ఆ చట్టంలోనే ఉందన్నమాట. ఆ ఏర్పాటును పేటెంటు గుమ్మంలో నిలబడ్డ దరఖాస్తుదారుడికీ వర్తింపజేయడానికి ఏం అడ్డొచ్చింది?

పేటెంటు నియమాలకు 2024లో వచ్చిన సవరణతో 138వ నియమం కింద ఫీజు కడితే 6 నెలల దాకా ఆలస్యాన్ని మన్నించే వీలొచ్చింది. సంతోషం. కానీ దరఖాస్తును పరీక్షించమని అర్జీ పెట్టుకునే గడువును 48 నెలల నుంచి 31కి కోసిందీ ఆ సవరణే! అయినా ఏడాది తర్వాత గానీ ఏజెంటు నిర్వాకం తెలియని మనిషికి ఆ 6 నెలలు దేనికి?

ఇక మిగిలింది హైకోర్టు. 2022లో యూరోపియన్ యూనియన్ దరఖాస్తులకు ఢిల్లీ హైకోర్టు ప్రాణం పోసింది. వదిలేసే ఉద్దేశం వాళ్లకు లేదు, తప్పు ఏజెంటుదని నమ్మింది. న్యాయమే. 2024లో ఒక కుట్టుమిషన్ దరఖాస్తు కేసులో పేటెంటు ఏజెంట్ల నడవడికి నియమావళి తెమ్మని అదే కోర్టు ఆదేశించింది. అదీ న్యాయమే. కానీ 2011లో పరీక్షార్జీ గడువు దాటిన నిప్పన్ స్టీల్‌కు కుదరదు పొమ్మన్నదీ ఆ కోర్టే. అంత పెద్ద కంపెనీకే దిక్కులేదు. రోజు కూలి మానుకుని, రిట్ వేయించి, వకీలు ఫీజు భరించి, లింబాయత్ మెకానిక్ ఏ ధైర్యంతో మెట్లెక్కాలి?

అమెరికాలో ఆలస్యం ఉద్దేశపూర్వకం కాదని చెప్పి, బాకీపడ్డ జవాబు జతచేసి, ఫీజు కడితే దరఖాస్తును బతికిస్తారు. యూరప్ ఆఫీసులో చాలా గడువులకు, హక్కు పోయిందని నోటీసు వచ్చిన 2 నెలల్లో ఫీజు కట్టి పని పూర్తిచేస్తే చాలు, కారణం కూడా అడగరు. వాళ్ల ఆఫీసులేం కూలిపోలేదు.

ఆలేరు చింతకింది మల్లేశం గుర్తున్నాడా? ఆసు పోస్తూ ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడించే తల్లి బాధ చూడలేక ఆసు యంత్రం చేశాడు. పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. అతని పరీక్షా నివేదిక ఏ ఏజెంటు ఈమెయిల్లోనో తెరవకుండా పడి ఉంటే, మల్లేశం తన యంత్రాన్ని వదిలేశాడని రాసేవాళ్లేగా?

పార్లమెంటు 21వ సెక్షన్‌లోకి 60వ సెక్షన్ దయను తేవాలి. నివేదిక ఏజెంటుకు పంపిన రోజే దరఖాస్తుదారుడి ఫోనుకు తెలుగులోనో గుజరాతీలోనో కబురందాలి. గడువు తప్పించిన ఏజెంటు బతికించే ఫీజు తన జేబులోంచి కట్టాలి.